ఇంకా ఇవ్వని స్వెటర్లు

2019 డిసెంబరు పద్దెనిమిది. అమ్రాబాద్ దగ్గరి హాస్టల్‌లో ఆ సాయంత్రం పిల్లలతో కూర్చుని కిచిడీ తిన్నాను. పిల్లలకు పంచడానికి తెచ్చి, ఇంకా విప్పని స్వెటర్ల డబ్బాల ముందు హాస్టల్ వంటామె, మా సేవాక్లబ్బు కార్యదర్శి మాట్లాడుకుంటున్నారు.

“సారూ, పిల్లలు గజగజ వణుకుతున్నరు. డబ్బలు ఇప్పుండ్రి.”

“ముఖ్య అతిథి రాకుండ ఎట్ల ఇస్తమక్కా? రేపు పొద్దుగాల వస్తడట.”

“చలి ఇయ్యాల్నే వచ్చె గద.”

“ఇయ్యాల ఇచ్చినవే రేపు మళ్ల ఇస్తున్నట్టు ఫొటో దిగితే అబద్ధమైతది.”

“అయితే ఇయ్యకుండ్రి. ఊకె తొడుక్కుంటరు. పొద్దుగాల మడిచి డబ్బలల్ల పెడ్త.”

“ఛాతి మీద క్లబ్బు పేరుంది. తొడిగితే ఇచ్చినట్టే లెక్క.”

“తిప్పి తొడుగుత. పేరు లోపలికి పోతది.”

“తిప్పి తొడిగితేనా...”

“జర జల్ది ఆలోచించుండ్రి సారూ.”

“తిప్పి తొడిగితే ఇచ్చినట్టు కాదు. ఇప్పు.”

“మీరు పెద్దోళ్లు, మీకే తెలుస్తయి గీ రూల్స్.”

“అక్కా, గా మూలకున్న చిన్నపిల్ల దగ్గుతాంది. దానికి రెండు తొడుగు.”

“రెండా?”

“రెండూ తిప్పే.”

కాసేపటికి పిల్లలందరూ కుట్లు బయటికి కనబడే స్వెటర్లతో పడుకున్నారు. కార్యదర్శి లైటు ఆర్పి, గాలి లోపలికి రాకుండా తలుపు మెల్లగా మూశాడు.