బుడ్డి వదలకండి

శాంతా ఫే నగరంలో ఒక ఆదివారం ఉదయం. భార్య దెలియా పోయి నాలుగేళ్ళయిన రసాయనశాస్త్రం మాస్టారు అనీబల్, బట్టలుతికే గదిలో నేల మీద కూర్చుని, బీరు పులియబెట్టే, గరాటు ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ పీపా అడుగున మడ్డి దిగడానికి మరతో బిగించే బుడ్డిని రెండు చేతులతో అదిమి పట్టుకుని ఉన్నాడు. పక్కింటి నెల్దా గుమ్మంలో నిలబడి ఉంది.

"వదలకండి."

"వదలట్లేదు."

"వదలకండి మాస్టారూ."

"వదలట్లేదంటే వదలట్లేదు, నెల్దా. వదిలితే ఇరవై అయిదు లీటర్ల బీరు నా ఒళ్ళోకొస్తుంది. ఆ మాత్రం నాకూ తెలుసు."

"బుడ్డి విప్పేముందు దానిపైన వాల్వ్ మూయాలని పీపాతో వచ్చిన కాగితంలోనే ఉంది. బొమ్మ కూడా వేశారు."

"మూశాను."

"మూస్తే కారదుగా."

"మూశానంటున్నానా. పిడి అడ్డంగా ఉందా లేదా? నిలువుగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ముప్పై నాలుగేళ్ళు లాబ్ నడిపినవాణ్ణి నేను."

"అడ్డంగానే ఉంది. కారుతూనే ఉంది."

"అదే నాకూ అర్థం కావట్లేదు."

"అయితే బుడ్డి మళ్ళీ బిగించెయ్యండి."

"మర వంకరగా పడింది. ఇటు తిరగదు, అటు తిరగదు. కాస్త కదిపితే చాలు, మోచేతి దాకా కారుతోంది. నవ్వుతున్నావా నువ్వు?"

"లేదు."

"భుజాలు ఊగుతున్నాయి."

"దగ్గొస్తోంది."

"దగ్గితే దగ్గావు గానీ ఏదో ఒకటి చెయ్యి. పదకొండింటికి మన బీరు తయారీ క్లబ్ నుంచి రోకే వస్తాడు పోటీ బీరు పట్టుకెళ్ళడానికి. ఇప్పుడెంతయింది?"

"పది దాటి ఇరవై. ఉండండి, ఆలోచించనివ్వండి. పైన మూత తీసి గొట్టం దించుతాను. బీరంతా స్టీలు పీపాలోకి లాగేద్దాం. ఎలాగూ రోకేకి ఇవ్వాల్సింది దాంట్లోనేగా. లోపలంతా ఖాళీ అయ్యాక మీరు చేతులు తీసెయ్యొచ్చు."

"ఎంతసేపు పడుతుంది?"

"ఇరవై నిమిషాలు."

"ఇరవై నిమిషాలు నేనిలాగే ఉండాలా?"

"ఎక్కడికైనా వెళ్ళే పనుందా?"

"గొట్టం నోటితో మాత్రం లాగకు. నోట్లో ఉండే క్రిములన్నీ—"

"కాచిన నీళ్ళు నింపి వదలాలి. ఆ సంగతి మీకు చెప్పిందే నేను. నా దగ్గర నేర్చుకుని, మా ఇంటికొచ్చి మళ్ళీ నాకే పాఠం చెప్పారు."

"చెప్పానా?"

"బోర్డు లేదు కాబట్టి సరిపోయింది. గొట్టాన్ని ఆల్కహాల్‌తో తుడిచాను. చేతులు కూడా. మూత తీస్తున్నా. అబ్బ, వాసన చూడండి మాస్టారూ."

"నాకిక్కడ నా చొక్కా వాసనే వస్తోంది."

"ఇదిగో, మొదలైంది. సన్నగా, చప్పుడు లేకుండా, నురుగు రాకుండా దిగుతోంది. చూశారా?"

"చూడలేను. నా ముక్కు ముందు స్టాండు కాలుంది."

"నేను చూసి చెబుతాలెండి. మీ కాలు కాస్త జరపండి, ఈ పిడి సంగతేంటో చూస్తాను."

"నిన్న కడగడానికి విప్పాను దాన్ని."

"విప్పారా?"

"విప్పి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ పెట్టాను. శుభ్రం విషయంలో దెలియా ఎంత పట్టింపు మనిషో నీకు తెలుసుగా."

"ఓహో."

"ఓహో అంటే?"

"ఏం లేదు. కాస్త అటూ ఇటూ కదిపి చూశాను."

"ఏమైనా అయిందా?"

"మీరు మాత్రం పట్టుకునే ఉండండి."

"పట్టుకునే ఉన్నాను. నెల్దా."

"ఊఁ."

"దోమ."

"ఎక్కడ?"

"నుదుటి మీద. ఎడమ కనుబొమ్మ పైన. తాపీగా కూర్చుంది, నా చేతులు ఖాళీ లేవని తెలిసినట్టు."

"కదలకండి."

"అంత గట్టిగా కొట్టాలా?"

"చచ్చింది. రక్తం కూడా తాగేసింది పాపం. ఉండండి, తుడుస్తాను."

"అమ్మయ్య. ముక్కు కూడా కొంచెం."

"ముక్కుకేమయింది?"

"దురద. కుడివైపు. ఇంకా కింద. అదిగో, అక్కడే. దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

"మాతే టీ కలపనా? తాగే గొట్టం పుల్ల మీ నోటికి అందిస్తాను. చేతులతో పనేముంది?"

"కలుపు. పంచదార వద్దు."

"రెండేళ్ళుగా ప్రతి ఆదివారం ఈ ఇంట్లో మాతే తాగుతున్నాను. పంచదార వద్దని నాకు చెప్పాలా? ఇదిగో. నెమ్మదిగా, కాలుతుంది."

"బాగుంది. ఒక సంగతి గమనించావా?"

"ఏంటి?"

"పది నిమిషాల్నుంచి చుక్క కూడా కారట్లేదు. పట్టు అంటే ఇదీ. అరవై ఎనిమిదేళ్ళ చేతులు."

"అవును. గట్టి చేతులే."

"మళ్ళీ దగ్గొస్తోందా నీకు?"

"అప్పుడప్పుడూ. మాస్టారూ, పోటీ ఫారం నింపేశారా?"

"పోయిన ఆదివారమే నింపాను. నువ్వలా వెళ్ళావు, నేనిలా కూర్చున్నాను. ఫ్రిజ్ మీదుంది. రోకేకి ఇవ్వడం మర్చిపోకు."

"పేరేం పెట్టారు బీరుకి?"

"ఇంకేం పేరు పెడతాను?"

"దెలియా అనా?"

"ఏం, బాగాలేదా?"

"పేరు బాగానే ఉంది. అది కాదు. అరవై మంది ముందు మీరు లేచి మాట్లాడతారు. ఇది మా ఆవిడ బీరు, ఆవిడ పెంచిన ఈస్టే, ఆవిడ పోయాక కూడా నేను చావనివ్వలేదు, ప్రతిసారీ బుడ్డిలో దిగిన మడ్డి తీసి, సీసాలో దాచి, మళ్ళీ వేసి బతికించుకుంటూ వస్తున్నాను, అని చెబుతారు."

"చెప్పకూడదా?"

"రోకే ఏడుస్తాడు."

"రోకే ఫుట్‌బాల్ చూసి కూడా ఏడుస్తాడు."

"వేరే పేరు పెట్టకూడదూ? ఈ ఊరి పేరు. లేదంటే నది పేరు. ఇంకా టైముంది, పోటీ శనివారంగా."

"ఎందుకు?"

"ఊరికే."

"నువ్వు ఊరికే ఏదీ అడగవు."

"బీరు సగానికి దిగింది. ఇంకో గుక్క మాతే తాగండి."

"నాకొద్దు. నెల్దా, ఇటు చూడు. ఏం దాస్తున్నావు?"

"చెబితే బుడ్డి వదిలేస్తారు మీరు."

"వదలను."

"ఒట్టు?"

"ఒట్టు. నా పెన్షన్ మీద ఒట్టు."

"రెండేళ్ళ కిందట మీకు హెర్నియా ఆపరేషన్ అయింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. గుర్తుందా?"

"కుట్లకి ఇంకా గుర్తుంది."

"వెళ్తూ వెళ్తూ తాళం చెవి నాకిచ్చారు. మొక్కలకి నీళ్ళు పొయ్యకపోయినా పర్లేదు, ఫ్రిజ్‌లో సీసా మాత్రం చూస్తూ ఉండు అన్నారు. దెలియా ఈస్ట్ ఉన్న సీసా. మయొనీజ్ సీసా, ఎర్ర మూతది."

"అవును."

"జనవరి, ఇక్కడ నడివేసవి. కరెంటు పోయింది. ఒక రోజు కాదు, మూడు రోజులు. నేను మా అక్క దగ్గరికి పరానా వెళ్ళాను. ఇక్కడ కరెంటు పోయిందని నాకు తెలియదు మాస్టారూ. నిజంగా తెలియదు. వచ్చి ఫ్రిజ్ తెరిచాను."

"ఊఁ."

"తడి బూటులో చేప పెట్టి మరిచిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది వాసన. మూత తీసి చూశాను. నల్లగా అయిపోయింది. నీళ్ళతో కడిగాను, పంచదార వేశాను, వెచ్చగా పెట్టి రాత్రంతా కూర్చున్నాను. ఒక్క బుడగ రాలేదు."

"ఊఁ."

"ఊఁ అంటున్నారేంటి? వింటున్నారా?"

"వింటున్నాను. చేతులు గట్టిగానే ఉన్నాయి. చెప్పు."

"మర్నాడు మిమ్మల్ని ఇంటికి పంపిస్తున్నారు. మీరు గుమ్మంలోకి రాగానే మొదట అడిగేది ఆ సీసా గురించేనని నాకు తెలుసు. అందుకని ఆ సీసాని మరిగే నీళ్ళతో కడిగి, నా గోధుమ బీరు ఈస్ట్ తెచ్చి పోశాను. అదే ఎర్ర మూత పెట్టాను. రెండేళ్ళుగా మీరు బతికించుకుంటున్నది అదే. ఇప్పుడు మీ చేతుల్లో ఉన్నదీ అదే. దెలియాది కాదు."

"ఓహో."

"ఓహోనా? అంతేనా? తిట్టండి. మీరు నన్నెప్పుడూ తిట్టలేదు, ఇవాళ తిట్టండి. అది బాగుందో పాడైందో చూసుకుందామని ప్రతి ఆదివారం వచ్చాను. మొదటి బీరు తాగి 'అచ్చం దెలియా చేతి బీరే' అన్నారు మీరు. ఇంటికెళ్ళి ఏడ్చాను."

"బీరు ఎంత వరకు దిగింది?"

"ఇప్పుడు బీరు గురించా? అయిపోవచ్చింది. ఇంకో రెండు లీటర్లుంటుంది."

"అయితే చేతులు ఇంకాసేపు ఇలాగే ఉంచాలి."

"అక్కర్లేదు."

"ఏమిటక్కర్లేదు?"

"వాల్వ్ ఎప్పుడో మూసేశాను. నిన్న కడిగాక మీరు పిడిని తప్పువైపు తిప్పి బిగించారు. అడ్డంగా పెడితే తెరుచుకుంటోంది, నిలువుగా పెడితే మూసుకుంటోంది. మీరు మూస్తున్నాననుకుని తెరిచారు. నేను నిలువుగా తిప్పేశాను. అప్పట్నుంచే కారట్లేదు."

"అంటే ఇంతసేపూ నేను ఉత్తి బుడ్డిని పట్టుకుని కూర్చున్నానా?"

"అవును."

"నా అరవై ఎనిమిదేళ్ళ చేతులూ?"

"బుడ్డి ఊడినా అందులోని మడ్డే పోయేది."

"చెప్పలేదేం?"

"మీ చేతులు ఖాళీగా ఉంటే లేచి పెరట్లోకి వెళ్ళిపోతారు. పెద్ద మాట ఏదైనా వస్తే మీరు చేసే పని అదే. ఇంత సంగతి చెప్పాలంటే మీరు కదలకుండా కూర్చోవాలిగా."

"మంచి పట్టే పట్టావు. ఆ ఫారం ఇలా పట్రా."

"ఎందుకు? చింపేస్తారా?"

"నా వేళ్ళు తిమ్మిరెక్కి తెరుచుకోవట్లేదు, చింపడం ఎక్కడ. నువ్వే చదువు. పైకి చదువు."

"'పోటీదారు, అనీబల్ ఫెర్రేరో. రకం, ఎర్ర బీరు. పేరు, ఆదివారం.' మాస్టారూ, ఆదివారం అని పెట్టారా?"

"కింద చదువు."

"'తయారీ విధానం, నా భార్య దెలియా రాసిపెట్టినది. ఈస్ట్...'"

"ఆగావేం?"

"'ఈస్ట్, పక్కింటి నెల్దా బెర్తోలిది. రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఉంది.' ఇది... ఇది పోయిన వారం రాసిందిగా. నేను ఇప్పుడేగా చెప్పాను. మీకెప్పుడు తెలిసింది?"

"మొదటి గుక్కలోనే. దెలియా బీరులో అరటిపండు వాసన ఏనాడైనా వచ్చిందా? ఈ క్లబ్‌లో ఆ వాసనొచ్చే గోధుమ బీరు చేసేది నువ్వొక్కదానివే."

"మరి అచ్చం దెలియా బీరే అన్నారు."

"నువ్వు గ్లాసు వంక చూడట్లేదు. నా మొహం వంకే చూస్తున్నావు, ఊపిరి బిగబట్టి. ఇంకేమనమంటావు?"

"రెండేళ్ళు. రెండేళ్ళు నేను దొంగలా వచ్చి ఆ ఫ్రిజ్ తెరిచి చూసుకుంటుంటే, తెలిసి కూడా ఊరుకున్నారా? ఒక్క మాట చెప్పొచ్చుగా నాకు."

"చెబితే, ఆ సీసా చూసుకోవడానికి ప్రతి ఆదివారం రావడం మానేస్తావేమోనని."