మూడు నెలలకోసారి వచ్చే ఫోను

పెద్దాసుపత్రి పరిశోధన విభాగంలో ఫోన్లు చేసే అమ్మాయికీ, పేగు క్యాన్సరుకి ఆపరేషన్ అయిన గడియారాల మేస్త్రికీ పొద్దున పదింటికి జరిగిన మాటలివి. ఇద్దరిలో ఎవరూ తేలిగ్గా లొంగే రకం కాదు.

"...ఆకలి బాగుంది, నిద్ర బాగుంది, బరువు తగ్గలేదు. ఇంకేం రాసుకుంటావ్?"

"మలంలో రక్తం ఏమైనా..."

"లేదు. పొద్దున్నే మంచి మాటే అడిగావ్."

"నా ఉద్యోగమే అది, బాబాయ్‌గారూ. అయిపోయింది. ఉంటానండీ."

"ఉండు, ఉండు. తొమ్మిది ప్రశ్నలూ నువ్వే అడిగావ్. నన్నొక్కటి అడగనీ."

"అడగండి."

"ఆపరేషన్ రోజు నా రక్తం తీసుకున్నారు. అందులో ఏవో ప్రోటీన్లు చూసి మనిషి ఎన్నాళ్ళుంటాడో అంచనా కడతామన్నారు. నాకెంతొచ్చింది?"

"అది చెప్పకూడదండీ. మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది."

"సంతకం పెట్టినప్పుడు కళ్ళజోడు లేదు."

"అయినా చెప్పకూడదు. అది ఇంకా పరిశోధనే. నిజమో కాదో తేల్చడానికే ఈ ఫోన్లు."

"అంటే నేను పోతే మీ అంచనా నిజమైనట్టు."

"అయ్యో, అవేం మాటలండీ!"

"కోపంతో కాదమ్మా. కోర్టు మేడమీద గడియారం పదకొండేళ్ళుగా ఆగిపోయి ఉంది కదా. ఆ పని నాకిస్తామంటున్నారు. విప్పి బిగించడానికే ఏడాది. ఆపైన రెండేళ్ళు గ్యారంటీ. సాయంత్రంలోగా సంతకం పెట్టాలి. చిన్నప్పట్నుంచీ దానిమీద కన్నేసి కూర్చున్నా. తీరా విప్పి, ముక్కలన్నీ నేలమీద పరిచాక నేను పోతే? మళ్ళీ బిగించేవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు."

"డాక్టరుగారిని అడగండి."

"అడిగా. ధైర్యంగా ఉండమన్నాడు. గ్యారంటీ కార్డు మీద ధైర్యం ఏ గడిలో రాయాలి?"

"నేను ఉత్తి ఫోన్లు చేసేదాన్నండీ. నాకేం తెలీదు."

"సరే, తెలిసిందే అడుగుతా. నాకెన్నాళ్ళకోసారి చేస్తావ్?"

"...మూడు నెలలకి."

"డ్రైవరుకి?"

"ఏ డ్రైవరు?"

"ఆసుపత్రిలో నా పక్క మంచం. బస్సు డ్రైవరు. ఇద్దరికీ ఒకే రోజు ఆపరేషను, ఒకే రోజు రక్తం. వాడికి ఏడాదికోసారే చేస్తారు. ఎందుకు?"

"అదీ... లైన్లు ఖాళీ ఉండవు కదండీ."

"నా ఒక్కడికే ఖాళీగా ఉంటాయా?"

"బాబాయ్‌గారూ..."

"ఇది పదకొండో ఫోను. గోడమీద గీతలు పెట్టుకున్నా. పళ్ళచక్రం అరుగుదల చూసి గడియారం ఎన్నాళ్ళు నడుస్తుందో చెప్పేవాణ్ణి, నాకీ మాత్రం తెలీదా? రక్తం బాగాలేనివాళ్ళకే మూడు నెలలకోసారి చేస్తారు. అవునా, కాదా? అది చాలు నాకు."

"మా మేడమ్‌కి తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"నా నోట్లోంచి రాదు."

"...అవునండీ."

"ఎన్నాళ్ళంది నా రక్తం?"

"నెలల లెక్క చెప్పదండీ అది. రెండేళ్ళు దాటడం కష్టం అనే గుంపులో పడ్డారు మీరు."

"దాటి తొమ్మిది నెలలైంది."

"అవునండీ. రక్తం గొట్టాలు తారుమారయ్యాయేమోనని మేడమ్ మీ రక్తం మళ్ళీ పరీక్ష చేయించింది కూడా. అదే ఫలితం వచ్చింది."

"ఆవిడకి నా క్షమాపణలు చెప్పు. మరి డ్రైవరు ఏ గుంపు?"

"ఒకరి సంగతి ఇంకొకరికి..."

"ఇంత చెప్పావ్, అదీ చెప్పెయ్. 'ఏడాదికోసారే చేస్తున్నారు చూడు, నాకు ఢోకా లేదు' అని నన్ను తెగ ఏడిపించేవాడు."

"ఆయన మాట నిజమేనండీ. మొత్తం జాబితాలో అంత మంచి రక్తం ఇంకొకటి లేదు. ఎవరొచ్చినా మేడమ్ మొదట ఆయన కాగితమే తీసి చూపిస్తుంది."

"అలాగా. మళ్ళీ ఎప్పుడు చేస్తారు వాడికి?"

"చేసి తొమ్మిది నెలలైంది. ఇంకో మూడు నెలలకి. మీరు కలుస్తుంటారా? ఎలా ఉన్నారు?"

"నేను గడియారానికి సంతకం పెట్టేస్తున్నానమ్మా."

"మంచిదండీ. కానీ డ్రైవరుగారు..."

"వాడు పోయి ఆర్నెల్లైంది తల్లీ. ఈ జబ్బే, కాలేయానికి పాకింది. ఏడాదికోసారి అడిగితే మీకెలా తెలుస్తుంది?"