మినుములు వేయించిన కారు

"మావయ్యా, మా పాత కారు పొగగొట్టంలోంచి అదోరకం మోత వస్తోంది, ఏమయ్యుంటుంది?" అని ఎంత తేలిగ్గా అడిగావే! అసలు అలాంటి మోత వల్లే నువ్వు రేపల్లెలో పుడతావా, బాపట్లలో పుడతావా అని పెద్ద గొడవయింది, తెలుసా?

అరవై తొమ్మిదో, కాదు కాదు, డెబ్భై అనుకుంటా. మినుము పీకే రోజులు. నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావు. అక్కయ్యేమో బాపట్లలో అత్తారింట్లో. తొలికాన్పు పుట్టింట్లోనే కదా మన వైపు. తీసుకొస్తే ఏడో నెలలో తీసుకురావాలి, ఎనిమిదో నెలలో గడప దాటించరు. మా నాన్న పొలం పనులని ఈ రోజూ రేపూ అంటూ నెలాఖరు దాకా తెచ్చాడు. ఇక ఆ రోజు దాటితే లేదు. రేపల్లెలో మా అమ్మ మంచం వేసి, పాతచీరలు ఉతికి మడతపెట్టి, వీధిలోకి చూస్తూ కూర్చుంది.

మా బాబాయికి ఓ పాత నల్లకారు ఉండేది. తెనాలిలో ఎవరో డాక్టరు గారి దగ్గర కొన్నాడు. అప్పట్లో పెట్రోలు ధర... సర్లే, చెబితే నమ్మవు. ఇద్దరం బయల్దేరాం. దార్లో నగరం అనే ఊరి దగ్గర ఒకాయన రోడ్డు మీద మినపకట్టె పరిచాడు. బస్సులూ లారీలూ తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది కదా, నూర్పిడి ఖర్చు లేకుండా. "బాబుగారూ, కాస్త ముందుకీ వెనక్కీ తొక్కించి పోండి" అన్నాడాయన. మా బాబాయి కాదంటాడా! ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. ఓసారి వెనక్కి పోనిచ్చి కారు తోకంతా పక్కనున్న మినపకట్టె కుప్పలోకి దూర్చేశాడు. ఆయన మజ్జిగ కూడా ఇచ్చాడులే.

అక్కణ్ణించి మొదలు, డబడబడబా! లాగుడు లేదు, సైకిళ్ళు మమ్మల్ని దాటిపోతున్నాయి. "ఇంజనుకి జలుబు చేసిందిరా" అంటాడు బాబాయి.

బాపట్లలో వీధి వీధంతా బయటికొచ్చింది. మీ నాయనమ్మ అరుగు మీద నిలబడి, "ఏంటయ్యా ఇది, కారా, కనకతప్పెట్లా? కడుపుతో ఉన్న పిల్లని ఇందులో ఎలా పంపను?" అంది. మీ అమ్మ జడలో పూలు పెట్టుకుని, పెట్టె సర్దుకుని కిటికీలోంచి చూస్తోంది. కళ్ళనిండా నీళ్ళు.

నేను ఎనిమిదితో చదువాపి తెనాలిలో మోటారు షెడ్డుల చుట్టూ తిరిగినవాణ్ణి కదా. ఇంజను ఆడుతుండగా వెనక పొగగొట్టానికి కాస్త ఎడంగా అరచెయ్యి పెట్టా. గాలి లేదు! మోతేమో కారు కింద మధ్యలోంచి. అంటే, చూడూ, చివర ఏదో బిగిసింది, పొగకి దారి లేక సైలెన్సరు దగ్గర అతుకు ఊడగొట్టుకుని బయటికొస్తోంది. ఇంజను ఆపించి, తడిగుడ్డతో పట్టుకుని అతుకు బిగించి రేకుముక్క చుట్టి తీగతో కట్టా. తీగ వంచి గొట్టంలో పెట్టి లాగితే మినపకట్టె! కొంత వచ్చింది, కొంత లోపలే. "బాబాయ్, స్టార్టు చేసి గట్టిగా తొక్కు!" అన్నా.

ఢాం! మినుములు! మీ నాయనమ్మ కాళ్ళ దగ్గర నించి గుమ్మం దాకా. వీధంతా కమ్మటి వాసన.

ఆవిడ వంగి ఓ గింజ తీసి వాసన చూసింది. "నిక్షేపంగా వేగాయి. సున్నుండలకి మీ అమ్మగారు దార్లోనే వేయించి పంపారా ఏంటి, అబ్బాయ్?"

"అవునండి అక్కయ్యగారూ, తిరగల్లో వేసుకోవడమే!" అన్నాడు బాబాయి, సిగ్గులేకుండా, రోడ్డు మీద కట్టె తొక్కిన సంగతి కూడా చెప్పేసి.

ఇక నవ్వు చూడు ఆవిడది! పమిట నోటికడ్డం పెట్టుకున్నా ఆగలేదు. కారు బుద్ధిగా గురగురలాడుతోంది. "అమ్మాయ్, పెట్టె తెచ్చుకో" అని లోపలికి కేకేసి, తనూ చెప్పులేసుకుంది. "నేనూ వచ్చి దింపి పోతా. మిమ్మల్ని నమ్మితే ఇంకెవరి పంట తొక్కడానికి పోతారో!"

దింపి వెళ్ళిపోతానన్న మనిషి నువ్వు పుట్టాక కూడా రేపల్లెలోనే ఉందే! నీకు నీళ్ళు నేను పోస్తానంటే నేను పోస్తానని ఆవిడా మా అమ్మా రోజూ వాదులాట. ఒకరు నూనె రాస్తే ఒకరు సాంబ్రాణి వేసేవారు. ఆ ఇద్దరి చేతుల చలవ నీ మీద ఎప్పుడూ ఉండాలి తల్లీ, నీ పిల్లల మీద కూడా... నువ్వేమో కెవ్వుకెవ్వుమనేదానివి, అబ్బబ్బ, ఏం గొంతే అది...