రెండు చుక్కల తొడుగులు

మోంటానాలో ఒక ఆదివారం మధ్యాహ్నం. వచ్చే శనివారం నుంచి జింకల వేట మొదలు. వంటింట్లో భార్యాభర్తలు, మేవిస్, ఓర్విల్.

"ఓర్విల్, నా చిల్లుల గిన్నె ఏది?"

"వరండాలో ఉంది. ఎండలో."

"అందులో ఏముంది?"

"ఏముంటుంది, ఇత్తడి తూటా తొడుగులు. కడిగి ఆరబెట్టాను."

"కాల్చేసిన తూటాల తొడుగులు నేను బంగాళాదుంపలు వార్చే గిన్నెలోనా!"

"సబ్బుతోనే కడిగాను మేవిస్."

"వాటికని నీకు బకెట్ కొనిపెట్టాను కదా."

"బకెట్‌కి చిల్లుల్లేవు."

"ఈ ఇంట్లో ఇత్తడి కంపు కొట్టనిది అదొక్కటే మిగిలింది. దాన్నీ వదల్లేదు."

"సరే, ఇకమీదట ముట్టుకోను."

"పోయినవారమూ ఇదే అన్నావు. అవన్నీ మన అమ్మాయి నాడీన్‌కేనా?"

"ఆఁ. భోజనం కాగానే మందు నింపి, గుళ్ళు బిగించి ఇచ్చేస్తాను."

మేవిస్ వరండాలోకి వెళ్ళి, చాలాసేపటికి గిన్నెతో తిరిగొచ్చింది.

"ఈ తొడుగు పట్టుకో. అడుగున ఎన్ని చుక్కలున్నాయి?"

"ఎందుకిప్పుడు?"

"ఎన్ని?"

"ఒకటి. ఒక చుక్కంటే నాడీన్ రైఫిల్లో కాల్చింది, రెండంటే మా నాన్న రైఫిల్లోది. ఈ గుర్తులు పెట్టింది నేను. నాకే పరీక్షా?"

"కిటికీ దగ్గరికి రా."

"ఒకటే."

"రెండున్నాయి."

"కళ్ళద్దాలు బండిలో ఉండిపోయాయి, అందుకే..."

"నీ ముక్కు మీదే ఉన్నాయి. ఇలాంటివి ఇందులో నాలుగున్నాయి ఓర్విల్."

"ఉంటే ఉన్నాయి. రెండు రైఫిళ్ళకీ ఒకే కొలత తూటా కదా."

"ఆ మాటంటున్నది నువ్వేనా? మీ నాన్న రైఫిల్లో తూటా కూర్చునే చోటు వదులు. పేలినప్పుడల్లా తొడుగు ఆ సందు నిండేదాకా సాగుతుంది. నువ్వు మళ్ళీ అచ్చులో నొక్కి పొట్టి చేస్తావు. మళ్ళీ సాగుతుంది. పెళ్ళైన దగ్గర్నుంచి భోజనాల బల్ల దగ్గర ఇదే పాఠం విన్నాను నేను."

"విన్నావా! నిద్రపోతున్నావనుకున్నాను."

"నవ్వకు. సాగి సాగి అడుగుకి కాస్త పైన పలచబడుతుంది. ఇదిగో, మెరుస్తున్న గీత."

"అది అచ్చులో పడ్డ గీత అయ్యుంటుంది."

"లోపల తడిమాను. గాడి తగులుతోంది."

"దేంతో తడిమావు?"

"కొస వంచిన పేపర్ క్లిప్‌తో."

"ఓహో. నా క్లిప్పు నీ దగ్గరుందన్నమాట."

"ఏప్రాన్ జేబులో ఉంది. మాట మార్చకు. ఇది ఈసారి కాలిస్తే ఆ గాడి దగ్గర తెగుతుంది. తెగితే ఆ సెగంతా వెనక్కి తంతుంది. వెనకాల ఉండేది నాడీన్ మొహం."

"నాకు తెలీదా?"

"తెలుసు. కనపడట్లేదు. ఈ ఒక్కసారికి కొట్లో కొనుక్కోమని చెప్పు."

"నా కూతురి రైఫిల్లో కొట్టు తూటానా? దానికి రైఫిల్ ఇచ్చిన రోజు నుంచి నేను నింపిందే కాలుస్తోంది. నేనున్నంత కాలం అంతే."

"నాకు ఓపిక లేదు ఓర్విల్. నిజంగా లేదు. పొయ్యి మీద కూర ఉంది, జరుగు."

బల్ల దగ్గర. కూతురు నాడీన్ వచ్చి కూర్చుంది.

"నాన్నా, నా తూటాలు అయ్యాయా?"

"కాలేదు. తిను."

"ఏంటమ్మా, ఇద్దరూ అలా ఉన్నారు?"

"బంగాళాదుంపలు వడ్డించుకో. మూత అడ్డం పెట్టి వార్చాను, కాస్త నీళ్ళోడుతున్నాయి."

"చిల్లుల గిన్నె ఏమైంది?"

"మీ నాన్ననడుగు."

"నేనొక మాట చెప్తాను. ఇద్దరూ వినండి. నాకు ఆ చుక్కలు కనపడట్లేదు. రెండేళ్ళైంది."

"రెండేళ్ళా! మరి ఎలా నింపుతున్నావు నాన్నా?"

"మీ అమ్మ ఉందిగా. సాయంత్రం యాభై తొడుగులు ఆరబెడితే పొద్దున్నకి నలభై ఏడుంటాయి. క్లిప్పు కనపడదు. నాకు తెలీదనుకుంది."

"తెలుసా నీకు?"

"తెలుసు మేవిస్. నువ్వు పాడైనవి ఏరేస్తున్నావు కదా అని నేను తడమడం మానేశాను. ఇక దొంగచాటుగా చెయ్యక్కర్లేదు. ఇవాళ్టి నుంచి చూసేది నువ్వు, నింపేది నేను. నిర్ణయించేశాను. ఆ రొట్టె ఇలా ఇవ్వు."

"నువ్వు చూడట్లేదా?"

"చెప్పాగా."

"నువ్వు చూసినవాటిని నేను రెండోసారి చూస్తున్నాననుకున్నాను ఓర్విల్."

"ఎవరు చూస్తే ఏం? చూశాం కదా."

"పోయిన ఏడాది సెప్టెంబరు, అక్టోబరు నేను ఇక్కడ లేను. స్పోకేన్‌లో మా చెల్లెలి మంచం పక్కనున్నాను. అప్పుడు నింపినవి ఎవరు తడిమారు?"

"అమ్మా, అవి ఇంకా పదకొండున్నాయి. నా ట్రక్కులో. నిన్న గురి సరిచూసుకోడానికి వాటిలోంచే మూడు కాల్చాను."

"ఓర్విల్, నిన్నే అడుగుతున్నాను."

"నాన్నా?"

"నాడీన్. తినడం ఆపి, వెళ్ళి ఆ పదకొండూ పట్రా. శనివారానికి... కొట్లో ఏ డబ్బా దొరికితే అది కొనుక్కో."