దొర పండుకునే కుండ

కుమ్మర ఓబన్న ఉండెనంట. ఎవురో అనుకునేరు, మావాడే, మా తాతకు తాత. ఈ పొద్దు నాకుండే తెలివంతా ఆయప్ప ఇచ్చిపోయిందే, ఇంకేం ఆస్తి ఇయ్యలేదు. ఆ ఓబన్నకు సుంకమ్మ అని పెండ్లాం, కండ్లు సరిగ్గా కనపడని తల్లి ఒకామె. ఇల్లంటే వాళ్లు ముగ్గురే. ఇంటి ముందర కుండలు ఆరబెట్టుకుంటే ఏమైందంటే, దినామూ పక్కింటి కోళ్లు వచ్చేవి, మేకలు వచ్చేవి, పొద్దు గూకేలోపల ఏదో ఒకటి పగలగొట్టి పోయేవి. సుంకమ్మ చూసి చూసి, ఏమయ్యా, ఆ గుట్ట కింద నాలుగు కంపలు కొట్టుకొచ్చి చుట్టూ అడ్డం ఎయ్యరాదా, పీడ పోతాది అనింది. ఓబన్నకేమో కంప ముట్టుకుంటే ముల్లు గుచ్చుకుంటాదని భయం. భయమని చెప్పుకుంటే మర్యాదగా ఉండదు కదా. కంప ఎందుకే, కంపయితే వేసిన చోటే పడుంటాది, కుక్కయితే లేచి తరుముతాది, పైగా ఊరికే వస్తాది అన్నాడంట. ఊరికే అన్న మాట చెవిలో పడితే మా వంశంలో ఎవురికీ కాలు నిలవదు. నేనూ అంతే, మొన్న సంతలో ఊరికే ఇస్తాండారని ఒక గొడుగు తెచ్చుకున్నా. అది తెరుచుకోదు. వానొస్తే చంకలో పెట్టుకోని తడుస్తాండా.

సరే, ఓబన్న గొర్రెలు మేపే బీరప్ప దగ్గరికి పోయినాడు. బీరప్ప మందలో కుక్క ఈనింది, పిల్లలు ముద్దుగా ఉండాయి. బీరప్ప ఏమన్నాడంటే, తీసుకుపో ఓబన్నా, నాకేమీ ఇయ్యొద్దు, అయితే మా గొర్రెలోళ్లలో ఒక పద్ధతి ఉండాది, పిల్లను ఎత్తుకుపోయేవాడు తల్లికుక్కకు కడుపునిండా పెట్టిపోవల్ల, లేకుంటే దాని ఉసురు తగులుతాది అన్నాడు. అంతే కదా అని ఓబన్న ఇంటికొచ్చి, సుంకమ్మ చేత సంగటి కెలికించి, కుండకెత్తుకోని పోయినాడు. తల్లికుక్క తినింది. తల్లికుక్క తింటాంటే మందలో మిగిలిన కుక్కలు చూస్తా ఊరుకుంటాయా, అవీ తిన్నాయి. కుండలో అడుగున కొంచెం మిగిలితే బీరప్ప తిన్నాడు. ఆ పొద్దు ఓబన్న ఇంట్లో ముగ్గురూ నీళ్లు తాగి పండుకున్నారంట. ఊరికే వచ్చిన కుక్క కదా, మొదటి దినం ఖర్చు అది.

ఇంటికి తెచ్చి దించిన గడియ నుంచి ముగ్గురికీ దాని పనే సరిపోయింది. ఒకరు పాలు పట్టేది, ఒకరు కింద తుడిచేది, ఒకరు ఒళ్లో పెట్టుకోని జోకొట్టేది. అందుకే ముసలామె దానికి దొర అని పేరు పెట్టింది. దొర లేచినాడా, దొర తిన్నాడా, దొర యాడికి పోయినాడు, ఇదే మాట. సంగటి పెడితే దొర మూతి తిప్పుకున్నాడు. పాలు కావల్ల. ఎనుములు పెట్టుకున్న ఇంటికి పోతే ఆమె, పాలు పోస్తాలే ఓబన్నా, నాకు ఒక పాలకుండ ఇయ్యి అనింది. మర్సటిపొద్దు పెరుగుకుండ అడిగింది. ఆ మర్సటిపొద్దు ఆమె చెల్లెలికి కూడా కావాల్సొచ్చింది. ఊర్లో మనుషులకు కుండలు చేసేవాడు కాస్తా కుక్క పాలకు కుండలు చేసేవాడైనాడు అనుకో. పండ్లు వచ్చినాక ఇంకొక కత. కుండను కొట్టి సాగదీసే చెక్క ఉంటాది చూడు, మీకు నోరు ఎంత ముఖ్యమో మా చేతికి అది అంత. దాని పిడి కొరికి పీచు పీచు చేసినాడు. అది అయినాక ఊరోళ్ల చెప్పులు మొదలుపెట్టినాడు. ఒక్కొక్క ఇంటినుంచి ఒంటి చెప్పు తెస్తాడు, జత తెచ్చే అలవాటు లేదు. ఓబన్న ఆ ఒంటి చెప్పు చేతబట్టుకోని ఇల్లిల్లూ తిరిగి, అక్కా ఇది నీదేనా, అన్నా ఇది నీదేనా అని అడగల్ల. కొరికిన చెప్పుకు బదులు కుండ ఇస్తాడని ఊరంతా తెలిసిపోయింది, ఇంక చెప్పులు ఎప్పుడూ తొడగనోళ్లు కూడా అది నాదే అంటాండిరి.

మరి కాపలా సంగతి ఏంది అంటారా, చెప్తా. ముందు కోళ్లు ఒకపక్క నుంచి వచ్చి ఇంకొకపక్కకు తమ పాటికి తాము పోయేవి. దొర వచ్చినాక కోళ్లు ముందర, దొర వెనకాల, కుండల నడిమిన తిరునాళ్లే తిరునాళ్లు. అది చాలదని, తొక్కి పెట్టుకున్న బంకమన్ను చల్లగా ఉంటాదని పోయి దాంట్లో పొర్లేవాడు. మన్నులో వెంట్రుక కలిసిందంటే కుండ పని అయిపోయినట్లే. ఆమంలో కాల్చేటప్పుడు వెంట్రుక మాడిపోయి అక్కడ సన్న బెజ్జం మిగులుతాది, నీళ్లు పోస్తే కారతాది. ఊరోళ్లు కుండలు తెచ్చి ఇంటిముందర దించి, కుండ అడిగితే జల్లెడ ఇచ్చినావే ఓబన్నా అని నవ్వి పోయేవాళ్లు. నవ్వండి, మీరూ నవ్వండి, మాకు అలవాటే.

ఒకసారి మన్ను తిని దొరకు కడుపు ఉబ్బింది. కాళ్లు చాపి పడిపోయినాడు. ముసలామె ఆముదం రాస్తా కూర్చుండె, సుంకమ్మ పొయ్యి రాజెయ్యలేదు, ఓబన్న కుండలు చేసే సారె దగ్గరికే పోలేదు. మందు ఇచ్చేవాడు వచ్చి ఏదో ఆకు నూరి పోసి, ఇంట్లో ఉండే పెద్ద బాన భుజానికెత్తుకోని పోయినాడు. దొర లేచి నిలబడి తోక ఆడిస్తే ఓబన్న కండ్లల్లో నీళ్లు తిరిగినాయంట. సుంకమ్మ చూసి, ఏడుస్తాండావా అని అడిగితే, బాన పోయింది కదే అన్నాడంట. మర్సటిపొద్దు సుంకమ్మ గట్టిగా చెప్పింది, ఈ దొరతనం మనవల్ల కాదు, తీసుకుపోయి బీరప్పకు ఇచ్చిరా అని. ఓబన్న భుజం మీద ఎత్తుకోని గుట్ట దాకా పోయినాడు. దొర భుజం మీదనే నిద్రపోయినాడు. ఓబన్న కొంచేపు నిలబడి, అట్లనే మోసుకోని తిరిగి వచ్చి, బీరప్పను చూసినా, ఎంత బతిమిలాడినా తీసుకోనన్నాడే అన్నాడు. బీరప్ప అప్పటికే ఓబన్న ఇంటి అరుగు మీదనే కూర్చోని మజ్జిగ తాగుతా ఉండాడు. ఆయప్ప ఓబన్న ముఖం చూసి, అవునులే, తీసుకోలేను అన్నాడంట.

ఇంతలో ఊరికి పెద్ద అయిన పెద్దరెడ్డి కూతురి పెండ్లి వచ్చింది. పెండ్లికి అరివేణి కుండలు కావల్ల కదా. ఈ కాలం పిల్లోళ్లకు తెలీదు, చెప్తాండా వినండి. సున్నం పూసి, ఎర్రమన్నుతో గీతలు గీసి, కుమ్మరోడు ఆ కుండలు సిద్ధం చేసి పెడతాడు. పెండ్లోళ్లు మేళం పెట్టుకోని కుమ్మరింటికి వచ్చి, పసుపు కుంకుమ ఇచ్చి, పైన గుడ్డ పట్టుకోని, నెత్తిన పెట్టుకోని పందిట్లోకి తీసుకుపోయి పూజ చేస్తారు. మైల తగలకూడదు. ఆ కుండలు ఎవురు ఇస్తే వాళ్లకే ఆ ఊర్లో మేర, అంటే కల్లాల్లో ధాన్యం కొలిచేటప్పుడు కుమ్మరోడికని తీసిపెట్టే వాటా. మా ఇంట్లో ఏడాది పొడుగునా పొయ్యి మండేది దాని మీదనే. ఓబన్న ఒళ్లు దగ్గర పెట్టుకోని చేసినాడంట, వెంట్రుక కాదు కదా దుమ్ము కూడా పడకుండా. దొరను మాత్రం అరుగు మీద వాని పడకలోనే ఉంచినారు. పడక ఏందంటే, మావాళ్లు అరివేణి కుండలు చేసేటప్పుడు పగులుతాదేమోనని ఒకటి ఎక్కువ చేస్తారు. ఎనకటి పెండ్లప్పుడు చేసిన ఎక్కువ కుండ పక్కకు పొర్లించి ఉంటే, దొర దాంట్లో దూరి పండుకునేది నేర్చుకున్నాడు. దాంట్లోనే నిద్ర, దాంట్లోనే ఎముక, దాంట్లోనే అన్నీ. మరి ఈసారి ఎక్కువ కుండ ఎందుకు చెయ్యలేదు అని అడుగు. మన్ను ఉంటే కదా, మిగిలిన మన్నంతా పాలకుండలకు పోయిండె.

కుండలు కాల్చినారు, సున్నం పూసినారు, గడ్డి మీద వరసగా పెట్టినారు. వీధి మొదట్లో డప్పు మోగింది. దొర పుట్టినప్పటినుంచి డప్పు వినలేదు. కుండలోనుంచి ఎగిరి దూకి, యాడికి పోవల్లో తెలీక అరివేణి కుండల మీదికే పోయినాడు. ఒకటి దొర్లి అరుగుకు తగిలి రెండుగా పగిలింది. ఓబన్న ఆ రెండు ముక్కలూ చేతబట్టుకోని ఒకదానికొకటి ఆనించి చూస్తాండాడు. డప్పు దగ్గరికి వస్తాండాది. సుంకమ్మే ముందు తేరుకునింది. దొర పడకను ఎత్తుకుపోయి, నీళ్లు పోసి పీచుతో రుద్ది రుద్ది కడిగి, సున్నం పూసింది, ఓబన్న నాలుగు ఎర్ర గీతలు గీసినాడు. అది తడిగానే ఉండాది, వరసలో అన్నిటికంటే చివర, కడగా పెట్టినారు. ముసలామెకు కనపడకపోయినా అంతా తెలిసిపోయింది. ఒరే, మరి దొర యాడ పండుకుంటాడు అని అడిగిందంట.

పెండ్లోళ్లు వచ్చినారు, పసుపు కుంకుమ ఇచ్చినారు, కుండలు నెత్తిన పెట్టుకోని బయలుదేరినారు. ఆడోళ్లు పాట పాడతా పోతాంటే వెనకాల ఎవురు పోతాండారు, దొర. పడక నెత్తిన పెట్టుకున్న ఆమె వెనకాలనే, ముక్కు పైకెత్తుకోని, ఒక్క అడుగు తప్పకుండా పోతాండాడు. ఓబన్న పిలిచినాడు, రాలేదు. సుంకమ్మ పిలిచింది, రాలేదు. ఇంక వీళ్లిద్దరూ దాని వెనకాలనే పోయినారు. పందిట్లో కుండలు దించినారో లేదో, దొర పోయి తన కుండను ఆనుకోని కూర్చున్నాడు. తరిమితే పోతాడు, మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంటాడు. పెద్దరెడ్డి చూసి, ఏమిరా ఓబన్నా, మీ కుక్క ఈ కుండను ఇడిసిపెట్టదేంది అని అడిగినాడు. అది కాపలా కుక్క సామీ, మా కుండ ఏదైనా సరే, చేరాల్సిన చోటికి చేరేదాకా వెంట వచ్చి అప్పజెప్పి పోతాది, దానికి అట్ల నేర్పించినా అన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు కూడా కొంచెం పొదుపు ఉండల్ల. మావాళ్లకు అది లేదు.

పెద్దరెడ్డి సంతోషపడిపోయినాడు. ఇంత చిన్నదే ఇంత కాపలా కాస్తే పెద్దదైతే ఎట్ల కాస్తాదో, నా బిడ్డతోపాటు దీన్ని అత్తగారింటికి పంపిస్తా, తోడుంటాది అని చెప్పి, కొత్త తాడు తెప్పించి దొరను పందిరి గుంజకు కట్టించినాడు. కుమ్మరోళ్లకు ముందు విస్తరెయ్యండి, పూజకు ఇంకా పొద్దుండాది అన్నాడు. విస్తరేసినారు, ఓళిగలు వడ్డించినారు, నెయ్యి పోసినారు. ఓబన్న ఓళిగ తుంచినాడు. పీడ పోతాది కదా అనుకున్నాడు. పాలు మిగులుతాయి, చెక్కకు పిడి మిగులుతాది, చెప్పులు పట్టుకోని తిరగబన్లేదు, మేరకు మేర ఉంటాది. ఇన్ని అనుకుంటా తలెత్తి చూస్తే దొర తాడు కొసకు వచ్చి, మెడ సాగదీసుకోని ఓబన్నను చూస్తాండాడు. అరవలేదంట, ఏడవలేదంట, ఊరికే చూస్తాండాడు. ఆ చూపు ఓబన్న తట్టుకోలేకపోయినాడు.

ఎంగిలి చేత్తోనే లేచి నిలబడి, సామీ, ఆ కడగా ఉండే కుండ మా కుక్క పండుకునేది అన్నాడు. డప్పు కొట్టేవాడు ఆపేసినాడు. ఏమంటివిరా అని పెద్దరెడ్డి దగ్గరికొచ్చినాడు. డప్పుకు కుక్క బెదిరింది, కుండ పగిలింది, దాని పడక కడిగి సున్నం పూసి ఇచ్చినాము, అందుకే అది ఇడిసిపెట్టడంలేదు, కాపలా లేదు ఏమీ లేదు సామీ అని ఓబన్న మొదలు నుంచి చివరిదాకా చెప్పినాడు. పెద్దరెడ్డి ముఖం ఎర్రగా అయిపోయింది. నువ్వు నోరు మూసుకోని తినిపోయింటే ఎవురికీ తెలుస్తుండలే కదరా, ఇప్పుడెందుకు చెప్తివి అని అడిగినాడు. పూజకు మైల తగలకూడదని చెప్పినా అన్నింటే సరిపోతుండె. కొంచెం మర్యాదైనా మిగులుతుండె. మావాడు అట్ల అనలేదు. చెప్పకపోతే కుక్కను తీసుకుంటారు కదా సామీ, అందుకు అన్నాడు.

పెద్దరెడ్డి, కుక్కనూ కుండనూ ఎత్తుకోని పో, ఇంక మా కల్లాల్లో మేర అని నిలబడొద్దు అన్నాడు. బండి కట్టించి పక్కూరికి పంపించినాడు, ఆ ఊరి కుమ్మరోడు మంచి కుండ తెచ్చి ఇచ్చినాడు, పెండ్లి జరిగిపోయింది. సుంకమ్మ దొర పడకను నెత్తిన పెట్టుకోని ముందర నడుస్తాండాది, దొర ఆమె కాళ్లల్లో నడుస్తాండాడు, ఓబన్న వెనకాల తల దించుకోని వస్తాండాడు. ఇప్పుడు తిడతాది, ఇప్పుడు తిడతాది అని ఎదురు చూస్తాండాడు. ఇల్లు దగ్గరికి వచ్చినాక సుంకమ్మ నిలబడి, నువ్వు ఇంకొంచేపు లేవకపోయింటే నేనే లేచి చెప్తాంటి అనింది. అని లోపలికి పోయి, కుండను అరుగు మీద పక్కకు పొర్లించింది.

అంతే అప్పా జరిగింది. ఆ పెండ్లితో మా మేర పక్కూరి కుమ్మరోళ్లకు పోయింది, వాళ్లు మిద్దె ఇల్లు కట్టుకున్నారు. మేము సంతలకు కుండలు మోసి మోసి, నెత్తిన వెంట్రుక కూడా మిగుల్చుకోలేదు, చూడు కావాలంటే. ఒక్కొక్కసారి ఆ ఓబన్న కనపడితే నాలుగు తిట్టల్ల అనిపిస్తాది నాకు. అయితే మొన్న ఏమైందంటే, ఆ పక్కూరి కుమ్మరోళ్ల ఇంటాయనే మా ఇంటికి వచ్చి, అరుగు మీదుండే మా కుక్కను చూసి, మామా, నీ కుక్క మంచి జాతిగా ఉండాది, నాకియ్యి, ఈసారి పంటకు మా మేరలో సగం నీకే పంపిస్తా అన్నాడు. నేను ఏం చెప్పి పంపించినానో నా నోటితో చెప్పను. మా ఇంటామెను అడగండి, నాతో మాట్లాడ్డం మానేసింది గాని మీకైతే చెప్తాది.