గాసన్న తొక్కిన సైకిలు

అలగ సూడకొదినా. ఆ సైకిలు కేసి ఒకపాలి, నా కేసి ఒకపాలి సూసి, మల్లీ తలొంచుకుని సామలు సెరుగుతుంటే నానేటనుకోవాలి? తిట్టు. పోనీ ఆ సేట ఇసిరి కొట్టు. ఏటీ అనకండా పోలీసోల్లలాగ సూత్తన్నావు నువ్వూను.

వారం రోజుల్నించి అందరూ ఇలగే సూత్తన్నారు. కిందన మా ఊరు కోటలో మా మావయ్య సింతపండు గొడౌనుందా, అందులో బస్తాలు మోసేవోల్లు కూడా నానెల్తే మాటలాపీస్తన్నారు. మా మావయ్యయితే మరీని. కొండ మీద నీకేటి పనిరా పైడిరాజూ అంటాడు. పనేటీ నేదు మావయ్యా, సైకిలెక్కి అలగ ఎల్లొత్తాను, అంతే అన్నాను. నమ్మితేనా? పని నేకండా అంత దూరం ఎవుడైనా తొక్కుకుంటూ ఎల్తాడేటి, ఆడగుంటని సూసుకున్నావా, దొంగసారా మోత్తన్నావా అని ఒకటే అడగడం.

ఆయన్ననేటుంది. ఆ గూడెం కేసి పితూరీ రేగినకాడినించీ ఈ దారంట ఎవులు నడిసినా అనుమానమే కదా. పోలీసోల్ల లెక్కన నాను పితూరీవోల్ల ఉత్తరాలు మోసేవోడిని. మీ ఊరోల్ల లెక్కన పోలీసోల్ల మనిసిని. మొదటిపాలి నానొచ్చినప్పుడు మీ ముసిలోల్లు దుమ్ములో నా జాడ సూసి ఏటన్నారు? సక్రాలు రెండున్నాయి, జాడొకటే ఉంది, ఈడు మనిసి కాడన్నారు. పిల్లల్ని లోపలికి లాగీసుకున్నారు. నువ్వూ లాగీసుకున్నావు.

మీ ఆయన గాసన్నొక్కడే ఏటీ అడగనేదు. సైకిలు సుట్టూ తిరిగి సూసినాడు. గొలుసు ముట్టుకుని, ఏలికంటిన నల్లటి సమురు వాసన సూసినాడు. నాకూ నేర్పుతావేటి తమ్ముడూ అన్నాడు. అంతే.

ఏటీ?

ఎవులు సెప్పీసినారు అంటావా. పోలీసోల్లకి గాసన్న పేరు ఎవులు సెప్పినారనే కదా. నానూ అదే ఆలోసిత్తన్నాను. మీ సుక్రు ఉన్నాడు, సుంకరిమెట్ట సంతలో తలకి కొత్త గుడ్డ సుట్టుకుని తిరుగుతన్నాడు. ఎక్కడిదంట? సారా కొట్టు జగన్నాథరావు ఉన్నాడు, జవాన్లు పొద్దస్తమానూ ఆడి అరుగు మీదే కూకుంటారు. ఇంకా... ఏమో. ఎవుల్ని నమ్ముతాం ఈ రోజుల్లో.

అదలగుండనీ. ముందు నాను ఒచ్చిన పని ఇను. ఎల్లుండి గాసన్నని ఇశాపట్నం జైలుకి తోలీస్తారంట. ఠాణా కాడ ముసిలి జవానొకడు సెప్పినాడు. ఒకపాలి అక్కడికెల్తే మల్లీ ఎప్పుడొత్తాడో, అసలొత్తాడో రాడో. బేగి ఏదొకటి సెయ్యాలొదినా. నువ్వే సెయ్యాలి.

ఇటుకల పండగ మూడోనాడు గేపకముందా? నానా రోజు మీ ఊర్లోనే ఉన్నాను. మీ ఆడోల్లందరూ దారికడ్డంగా దుంగేసి, వచ్చేవోల్లనీ పోయేవోల్లనీ ఆపి కానుక అడుగుతన్నారు. నా జేబులో ఏటీ నేదు. నేదని సెప్పడానికి సిగ్గేసి, సానాసేపు దుంగ కవతలే నిలబడిపోనాను. ఈ మూగోడిని రానియ్యండే అని నువ్వే దుంగెత్తినావు.

మగోల్లందరూ యేటకెల్లినారు కదా అప్పుడు. మీ ఆచారం నాకంతగా తెలీదు గానీ, కిందటేడు సూసినాను. మీ ఊరి మంగ్లు యేటనించి ఉత్తి సేతుల్తో ఒచ్చినాడు. ఏటి సేసినారు మీరు? మీదన పేడనీల్లు కుమ్మరించీసినారు. కోక కట్టించి ఆడించినారు. అందరిలోకీ నువ్వే ఎక్కువ నవ్వినావొదినా, కల్లమ్మట నీల్లొచ్చీదాకా. తప్పనట్లేదు. నానూ నవ్వినాను. మంగ్లూ నవ్వీసినాడు. గాసన్నే నవ్వనేదు. నువ్వు సూడనేదేమో, నాను సూసినాను.

ఈ ఏడు మొదటి రెండు రోజులూ ఆడి బాణానికేటీ పడనేదు. ఒక పిట్ట కూడా. మిగతావోల్లందరికీ ఏదొకటి దొరికింది. మూడోనాడు పొద్దున్న గుంపు ఒగ్గీసి, గెడ్డ కాడ నాను సైకిలు కడుక్కుంటంటే ఒచ్చినాడు. సైకిలియ్యి తమ్ముడూ అన్నాడు. ఎందుకన్నాను. నా మొకం కేసి సూడనేదు. ఘాటీ కిందన ఉచ్చులేసేవోడొకడున్నాడు, ఆడికాడ సెవులపిల్లుంటాది, నడిసెల్తే పొద్దుగూకేలోగా తిరిగి రాలేను అన్నాడు.

అవునొదినా. కొన్నాడు. కొనుక్కొచ్చినాడు.

ఉండు, ఇను. ఎవులికీ సెప్పకన్నాడు. "ముక్కెంగా మీ ఒదినకి తెలకూడదు. సంకుదేవుడి మీద ఒట్టెయ్యి." ఏసినాను.

నాకు బయమేసింది, సైకిలు మీద కుదురుకుని నిండా నెల్రోజులు కానేదు, అంత దిగుడు ఎలగ దిగుతాడని. మద్దినేల దాటినాక ఒచ్చినాడు, ఎక్కుడంతా నెట్టుకుంటూ, మోకాలు సెక్కుకుపోయి. సంకలో సెవులపిల్లి. ఎప్పుడో సచ్చిపోయింది. మెడ సుట్టూ ఉచ్చు గీత. గెడ్డ ఒడ్డున దాన్ని పడుకోబెట్టి, బాణం తీసి పక్కలో ఆడే గుచ్చినాడు. నా కల్లముందే. ఎలుగ్గొడ్డు కెదురెల్లినోడు, సచ్చినదాన్ని గుచ్చీటప్పుడు కల్లు మూసీసుకున్నాడొదినా. నాను మొకం తిప్పీసుకున్నాను. సూత్తే ఆడు సిన్నబోతాడని.

ఆ సాయంత్రం నువ్వు ఆడి సెవిలో పువ్వెట్టినావు. ఊరంతా ఆడినారు. ఆడూ ఆడినాడు, కుంటుకుంటూ.

ఇంకేటుంది. అదే రోజు, అదే ఘాటీలో, ఎవులో తంతి తీగ తెంపీసినారంట. పోలీసోల్లు మర్నాడొచ్చి సూత్తే ఆ దుమ్ములో సక్రం జాడ. దిగినదొకటి, ఎక్కినదొకటి. ఈ కొండల్లో సైకిలున్నోడెవులు? నానే. కోటలో మా ఇంటికొచ్చి నన్నూ, సైకిల్నీ కలిపి పట్టుకొచ్చినారు కొండ మీది ఠాణాకి.

ఇనస్పెక్టరు కొడతాడనుకున్నాను. కొట్టనేదు. బల్ల మీద కూకోబెట్టి, మజ్జిగిప్పించి, ఎందుకు తొక్కుతావు సైకిలు అనడిగినాడు. ఊరికేనండీ అన్నాను. ఊరికే అంటే? ఊరికేనే బాబూ. ఎవుల్ని కలవడానికి? ఎవుల్నీ కాదండి. ఏటి మోత్తావు? ఏటీ నేదండి. మూడుపాల్లు అడిగినాడు, మూడుపాల్లూ అదే సెప్పినాను. నాకేటి మాటలొచ్చునొదినా, మూడో క్లాసు తప్పినోడిని. ఊరికే తొక్కుతానంటే ఆయనకి అనుమానం తగ్గకపోగా ఇంకా పెరిగిపోయింది. కారణం సెప్పనోడు పెద్ద దొంగంటాడాయన.

తరవాత గాసన్నని తెచ్చినారు.

ఆడూ అంతే, ఏటీ సెప్పడు. సైకిలు తొక్కినావా అంటే తొక్కినానన్నాడు. ఎక్కడికెల్లినావంటే నేల కేసి సూసినాడు. నడుం మీద కొట్టినారు. అరికాల్ల మీద కొట్టినారు. నానా గది బయటే ఉన్నాను, తలుపు తీసే ఉంది. "ఎక్కడికెల్లినావో ఒక్క ముక్క సెప్పు, ఇప్పుడే ఒగ్గేత్తాను" అన్నాడు ఇనస్పెక్టరు. ఒట్టినే అన్నాడనుకోను, నిజంగానే ఒగ్గేసీవోడే. గాసన్న తలెత్తి తలుపులోంచి నా కేసి సూసినాడు. ఇదిగో, ఇలగ, ఈసమెత్తు తల అడ్డంగా తిప్పినాడు. సెప్పకూ అని.

జైలుకైనా ఎల్తాడు గానీ పేడనీల్లు పోయించుకోడు. పేడనీల్లు కూడా కాదేమో. నువ్వు నవ్వుతావని.

నాను సెప్పనేదు. నాలుగు రోజులు తిండి నేదు నాకు. ఒట్టు పెద్దదా మనిసి పెద్దా అని ఎవుల్నడుగుతాను? ఎవుల్నడిగినా, ఎందుకడుగుతన్నావు అంటారు ముందు. అందుకే పొద్దున్నే బయల్దేరి ఒచ్చీసినాను. ఎవులికి సెప్పకూడదన్నాడో ఆల్లకే సెప్పీసినాను. దేవుడేటి సేత్తాడో సెయ్యనీ.

ఇప్పుడు నువ్వు నాతో ఠాణాకి రావాలి. నా ఒక్కడి మాట ఆయన నమ్మడు, నిన్నొకటీ ఈయేలొకటీ సెప్తన్నావంటాడు. ఆ ఉచ్చులోడు కిందన పోలీసోల్ల టోపీ కనిపిత్తేనే పారిపోతాడు, సాచ్చెమేటి సెప్తాడు. ఆ సెవులపిల్లిని ఒలిసినదానివి నువ్వు. మెడకి ఉచ్చు గీతుంది, బాణం దెబ్బకి నెత్తురు కారనేదు అని నువ్వు సెప్పాలి. తోలుంటే ఇంకా మంచిది. అందరూ గోడకి కొట్టుకున్నారు కదా పండగ తోల్లు, మంగ్లు ఇంటికాడా సూసినాను, సుక్రు ఇంటికాడా సూసినాను. మీ గోడకేదీ? కుక్కలు లాక్కెల్లిపోనాయేటి?

ఎక్కడికెల్తన్నావు? ఒదినా? అటకెందుకెక్కుతన్నావు?

ఇదే. ఇదే తోలు. ఆకుల్లో సుట్టి దాసినావేటి? మెడ కాడ గీత ఇంకా కనిపిత్తంది సూడు. ఇంత లోపలెందుకు దాసినావు? గోడకి కొడితే మిగతా ఆడోల్లు సూసి...

నీకు తెలుసా.

ఒలిసినప్పుడే తెలిసిపోయిందా. తెలిసే పువ్వెట్టినావా ఆడి సెవిలో?

అయ్యో. ఆడక్కడ నీకు తెలీకూడదని అరికాల్లు పగలగొట్టించుకుంటన్నాడే. ఒక్క ముక్క అనుంటే అయిపోయీది కదొదినా. ఒక్క ముక్క. నవ్వుతూనే అనుంటే.

నిన్ననడానికి నానెవుడ్ని. కల్లు తుడుసుకో. ఆ తోలు కొంగులో కట్టుకో, గట్టిగా ముడెయ్యి. ఎల్దాం పద. సైకిలు నెట్టుకుంటూ నడుత్తాను నీతోటి. పొద్దుగూకేలోగా ఠాణా కాడుంటాం.

ఎందుకాగిపోనావు?

మల్లీ అదే అడుగుతన్నావు. ఎవులు సెప్పినారని.

సుక్రు కాదొదినా. ఆ గుడ్డ ఆడి అత్తోరిచ్చింది, నాకు తెలుసు. జగన్నాథరావూ కాదు.

సైకిలు ఠాణా ముందు సెట్టుకి గొలుసేసి కట్టినారు. గద్దింపు నేదు, దెబ్బ నేదు. ఆ రోజు నువ్వు కాకపోతే ఎవులు తొక్కినారో సెప్పు, నీ సైకిలు నువ్వు తీసుకుని పో అన్నాడు ఇనస్పెక్టరు, మజ్జిగ గలాసు నా సేతిలో ఉండగానే. నిజమే కదా, గాసన్న తప్పేటీ సెయ్యనేదు కదా, నిజం సెప్తే ఆడికేటవుతాది అనుకున్నాను. అనుకున్నానని వారం రోజుల్నించీ నాకు నానే సెప్పుకుంటన్నాను. అప్పుడేటీ అనుకోనేదొదినా. కిటికీలోంచి సైకిలు కేసి సూత్తన్నాను. ఎండలో టైర్లు పాడైపోతాయని సూత్తన్నాను. ఆడి పేరు నోట్లోంచి ఒచ్చీసింది.

ఇంకొకటుంది. అదీ సెప్పీసే నడుత్తాను, తరవాత నువ్వు నాతో వత్తావో, నన్నొగ్గేసి ఒక్కదానివే ఎల్తావో నీ ఇష్టం.

ఆడిని కొట్టడం సూసినాక మర్నాడు నన్నొగ్గీసినారు. సైకిలెక్కి ఘాటీ దిగినాను. మొదటి మలుపు దాకా ఏడిసినాను, నిజంగా ఏడిసినాను. రెండో మలుపు కాడ కాల్లు పెడల్ల మీంచి తీసీసినాను. అక్కడ్నించి తొక్కక్కర్లేదు. సొక్కాలోకి గాలి దూరీసి వీపు కాడ ఉబ్బిపోయింది. కాఫీ పువ్వుల వాసన. సెట్లన్నీ ఎనక్కెల్లిపోతన్నాయి. ఎందుకు తొక్కుతావని ఆయనడిగినాడే, అదీ. అంతే. ఇంకేటీ నేదు.

కిందన గెడ్డ కాడికొచ్చీదాకా గాసన్న గేపకమే రానేదు నాకు. నవ్వుతన్నాను. నోట్లో దుమ్ము పడుతున్నా మూసుకోకండా నవ్వుతన్నానొదినా.