పదమూడు దాకా

ఆస్పత్రి ఎదుటి టీకొట్టులో స్కానింగ్ బాబాయి గొంతు సవరించుకుంటే చాలు, పక్క బల్లవాళ్లు కూడా గ్లాసులతో సహా ఇటు జరుగుతారు. ఆయన కోతలంటే అంత ఇష్టం మరి. ఇవాళ టీకొట్టాయన పాలు పొంగుతున్నా చూసుకోలేదు. పొద్దున ఆస్పత్రిలో ఆగిపోయి మళ్లీ కొట్టుకున్నది వాళ్ల నాన్న గుండే. మూలన కూర్చున్న నర్సమ్మకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. ఆ ముసలాయన రొమ్ము నొక్కీ నొక్కీ ఆవిడ భుజాలు ఇంకా సలుపుతూనే ఉన్నాయి.

"మొదట 'కాస్త జరగండమ్మా, గుండె చూడాలి' అన్నాను, అంతే. స్కానింగ్ మిషను ప్రోబు, అదే చేత్తో పట్టుకునే ముక్క, రొమ్ము మీద ఆనించానో లేదో, తెర మీద గుండె! సన్నగా వణుకుతోంది. డాక్టరమ్మకే కనపడలేదు, నాకు కనపడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది బాబాయ్?"

"అందర్నీ చేతులు తీసేయమన్నాను. డాక్టరమ్మతో సహా గోడకి ఆనుకుని నిలబడ్డారు. నిమిషం చూశాను, రెండు నిమిషాలు చూశాను, గుండెలో నాలుగు గదులుంటాయా, నాలుగో గదిలో ఓ మూల ఆవగింజంత నెత్తుటి గడ్డ! ప్రోబుతోనే అటు అదిలించి, ఇటు అదిలించి, మేకపిల్లని తోలినట్టు బయటికి తోలేశాను."

"ప్రోబుతోనా?" ఆటో ఆయన నోరు తెరిచాడు.

"చెయ్యి తిరిగినవాడికి అది చాలు. అయిదు నిమిషాలు రెప్ప వెయ్యలేదు. నేనలా చూస్తుంటే గుండె సిగ్గుపడి తనే మొదలెట్టింది. తెరలోంచి నాకు దణ్ణం పెట్టిందంటే నమ్ము!"

టీకొట్టాయన కళ్లు తుడుచుకున్నాడు. "బాబాయ్, రేపు నాన్న దగ్గర నువ్వే ఉండాలి. మళ్లీ ఆగితే..."

ఇక నర్సమ్మ వల్ల కాలేదు. "బాబాయ్, ఆ అయిదు నిమిషాలూ రొమ్ము ఎవరు నొక్కారు?"

"ఎవరూ నొక్కలేదు. అందరూ నన్నే చూస్తున్నారుగా!" అన్నాడు దర్జాగా.

"అయితే ముసలాయన అప్పుడే పోయాడన్నమాట. నొక్కడం ఆపితే ఒంట్లో నెత్తురు కదలదు. ఆపి చూడ్డానికి మనకున్నది పది లెక్కపెట్టేంత సేపు. నేను పైకే లెక్కపెట్టాను. పది అన్నా నువ్వు తెర వదల్లేదు. పదమూడు దగ్గర నీ చెయ్యి లాగి పడేసి మళ్లీ నొక్కాను. ఆ వణుకు చూసి కరెంటు షాక్ ఇచ్చి గుండెను మళ్లీ కొట్టించింది డాక్టరమ్మ. అప్పుడు నువ్వేం చేస్తున్నావ్? తెర మీది బొమ్మ రికార్డు అవుతోందా అని అడుగుతున్నావ్!"

బాబాయి గ్లాసులోకి చూస్తూ, "మూడు సెకన్లే కదమ్మా" అని గొణిగాడు.

"ఆ మూడు సెకన్లూ మా నాన్నవి" అన్నాడు టీకొట్టాయన. బాబాయి చేతిలో గ్లాసు తీసేసుకుని, నర్సమ్మ వైపు తిరిగాడు.

"అక్కా, రేపు డ్యూటీ నీదేనా?"